చాపలకు అడిగిరి, వీడియోకు అడగకపోయిరి

గోపాల్‌పేటలో ఆ రోజు ఆడవాళ్ల సంఘం మీటింగు. లీడరు పద్మజకు కూర్చునే తీరిక లేదు. సర్పంచును అడిగి హాలు తీయించింది. బడి సారును అడిగి తెర తెచ్చింది. పక్కింటి నాగన్నను అడిగి చాపలు పరిపించింది. ఇన్ని అడిగిన మనిషి, తెర మీద వేసే వీడియో ఎవరిదని మాత్రం అడగలేదు. ఫోనుకు ఎవరో పంపినరు, మంచిగుంది, అంతే. మనలో చానామంది చేసే పనే ఇది, అమ్మలారా.

ఆ వీడియో తీసింది ఆత్మకూరు పిల్ల నిరోష. కూలీలను గుంపుగా ముంబైకి తోలుకుపోయే మేస్త్రి కురుమూర్తి, మట్టిపని కాడ నిరోష మేనత్త రంగమ్మను కొట్టిండు. ఆ సంగతి రంగమ్మ వీడియోలో మేస్త్రి పేరు పెట్టి చెప్పింది. తీసినంక నిరోషతో అంది:

"బిడ్డా, మనూరి ఆడోళ్లకే చూపియ్యి. గోపాల్‌పేటల వద్దు, మేస్త్రిది ఆ ఊరే."

అందుకే నిరోష వీడియో మొదట్లోనే తన నంబరు వేసి, నన్నడగకుండా చూపొద్దని రాసింది.

"అన్నీ రాతలే ఉన్నయి, జర ముందుకు జరుపుండ్రి" అంది మీటింగులో పద్మజ.

రంగమ్మ మాటలు విని అందరూ కండ్లు తుడుచుకున్నరు. వెనక వరసలో మేస్త్రి వదిన జములమ్మ మాత్రం కొంగు దులుపుకొని లేచి మరిది ఇంటికి పోయింది.

వారం తిరగకముందే కూలీల డీసీఎం బండి ఆత్మకూరొచ్చింది. రంగమ్మ ఎక్కించిన మూటను మేస్త్రి కిందికి దించిండు.

"టీవీల కనవడ్తున్నవ్ గదనే! ఇంక నీకు మట్టిపనెందుకు?"

డీసీఎంలో ఉన్నోళ్లు నవ్విండ్రు. కొట్టినా, ఆ ఊరి నుంచి పనికి తీసుకుపోయేది ఆయనొక్కడే. వేరే ఊళ్ల మేస్త్రీలను అడిగితే వాళ్లూ మొఖం తిప్పుకున్నరు.

సంగతి తెలిసి పద్మజ రంగమ్మ ఇంటికి ఉరికొచ్చింది. "మంచికే చూపిన అక్కా, నాకు తెల్వదు."

"ఒక్క ఫోను చేయకపోతివక్కా" అంది నిరోష. "అత్త మొఖం కనవడకుండ, పేర్లు ఇనవడకుండ చేసి ఇస్తుంటి."

రంగమ్మ తలెత్తలేదు. "చాపలకు అడిగినవంట గద పద్మజా. నా మొఖానికి అడగొద్దా?"

గోడకానుకొని ఆ మూట కట్టింది కట్టినట్టే ఉంది, రంగమ్మ విప్పలేదు.

ఫోనుకొచ్చిన వీడియో మన సొత్తు కాదు, అమ్మలారా. తీసినోళ్లను, అందులో కనవడేటోళ్లను అడగకుండా నలుగురికి చూపితే, ఎంత మంచి మాటైనా, అది చెప్పిన మనిషి కూడు తీస్తది.