నైరుతి మూల బావి

మా అపార్ట్‌మెంట్‌లో రెండో బోరు పన్నెండు వందల అడుగులు దిగి దుమ్ము కక్కిన రోజున, నేను దిల్‌సుఖ్‌నగర్‌లో నూట ఎనభై మంది పిల్లలకు భూగర్భ జలాల పాఠం చెబుతున్నాను.

గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళకు భూగోళశాస్త్రం చెప్పడం ఇరవై రెండేళ్ళుగా నా పని. సహజ వనరుల చాప్టర్ ఇంద్రాణి మేడమే చెప్పాలని పక్క కోచింగ్ సెంటర్ పిల్లలు కూడా వచ్చి వెనకాల నిలబడతారు. ఆ రోజు బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నాను. "మన కింద ఉన్నది గ్రానైటు. రాయి నీళ్ళు తాగదు. పైనున్న మెత్తటి పొరలో, ఆ కింద రాతి పగుళ్ళలో ఉన్నవే మన నీళ్ళు. లోతుకు పోయేకొద్దీ పగుళ్ళు తగ్గిపోతాయి. అందుకని లోతు బోరు అంటే ఎక్కువ నీళ్ళని కాదు." సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. మా మూడో అంతస్తులో ఉండే ఇంజినీరు కుర్రాడు అభిలాష్.

"మేడమ్, పన్నెండు వందలు అయింది. దుమ్మే ఒస్తుంది. ఇంకో వంద పోదామా అని అడుగుతున్నరు."

"పొమ్మను," అన్నాను.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే బోర్డు మీద నా బొమ్మ నన్నే చూస్తోంది. నాకు సిగ్గు వెయ్యలేదు. కోపం వచ్చింది. నాకు సిగ్గుకంటే కోపం ముందు వస్తుంది.

అసలు ఆ బోరుకి చోటు చూపించింది కూడా నేనే. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నీళ్ళ జాడ చెప్పే ఆయన్ను పిలిపించాం. ఆయన స్థలమంతా తిరగబోతే ఆపి, "ఈశాన్యంలోనే చూడండి" అన్నాను. బోరు ఈశాన్యంలో ఉండాలి, వాస్తు అది. పాపం ఆయన ఆ మూలలోనే పదడుగుల మేర గుండ్రంగా తిరిగాడు. కాయ నిలబడింది. ఎక్కడో ఒకచోట నిలబడాలిగా.

మాది సరూర్‌నగర్ చెరువు దాటాక, ఎల్‌బీ నగర్ వైపు వెళ్తూ లోపలికి తిరిగితే వచ్చే కాలనీ. పదిహేను ఫ్లాట్లు. ఒకప్పుడు అక్కడ ఆండాలమ్మగారి కుటుంబం పాలకూర, టమాటా పండించేవాళ్ళట. స్థలం ఇచ్చినందుకు బిల్డర్ ఆమెకు మూడు ఫ్లాట్లు ఇచ్చాడు. భర్త ఎప్పుడో పోయాడు. డెబ్బై రెండేళ్ళ మనిషి, మా ఎదురు ఫ్లాట్‌లోనే ఉంటుంది. నేను, మా ఆయన వెంకట్రావు తెనాలి నుంచి వచ్చి పాతికేళ్ళయింది. ఆ ఫ్లాట్ కొని పన్నెండేళ్ళు.

కొనేముందు చూడటానికి వచ్చినప్పుడు స్థలం నైరుతి మూలలో రాతి కట్టు ఉన్న బావి కనిపించింది. నలభై అడుగుల లోతు. అడుగున నీళ్ళు మెరుస్తున్నాయి. మా తెనాలి సిద్ధాంతిగారికి ఫోన్ చేస్తే, "నైరుతిలో గొయ్యి ఇంటి యజమానికి ప్రాణగండం, కొనకండి" అన్నారు. నేను ఆ గండం మాట అందరి ముందూ చెప్పి, బిల్డర్‌తో కరాఖండీగా అనేశాను. బావి పూడిస్తేనే కొంటాం. ఇంకో ఇద్దరు కూడా అన్నారు గానీ, అందరికంటే గట్టిగా అరిచింది నేనే. ఆండాలమ్మగారు అక్కడే ఉంది. ఒక్క మాట మాట్లాడలేదు. నెల తిరిగేసరికి అక్కడ టైల్స్ వచ్చాయి, తెల్ల గీతలు వచ్చాయి, కారు పార్కింగ్ వచ్చింది. ఆ మూల చోటు మా వాటాకే పడింది. నా మాట నెగ్గిందని ఎంత సంతోషించానో.

రెండేళ్ళ క్రితం మా ఆయనకు గుండెపోటు వచ్చింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఆండాలమ్మగారు ఆ తొమ్మిది రోజులూ పొద్దున్నే వచ్చి వరండాలో నా పక్కన కూర్చునేది. నాకంటే ఎక్కువ ఏడ్చింది. ఎదురింటి మనిషి కోసం ఇంత ఏడుపేమిటి అనుకుని, మెత్తటి మనసులే అని సరిపెట్టుకున్నాను. ఆయన లేచి తిరిగారు. ఆ మూల గొయ్యి పూడ్చాం కాబట్టే గండం అంతటితో పోయిందని నా నమ్మకం. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. క్లాసులో తెలిస్తే నవ్వుతారు.

రెండో బోరు కూడా పోయాక మా బతుకు ట్యాంకర్ల పాలయింది. ఫోన్ చేసిన మూడో రోజుకి గానీ ట్యాంకర్ రాదు. నల్లా నీళ్ళు రోజు విడిచి రోజు గంటసేపు వస్తాయి, అవి తాగడానికీ వంటకీ సరి. నాలుగో అంతస్తు స్వప్న మూడు నెలల పసిబిడ్డను ఎత్తుకుని తుర్కయంజాల్‌లో పుట్టింటికి వెళ్ళిపోయింది. బిడ్డ గుడ్డలు ఉతకడానికి నీళ్ళు లేక.

ఆదివారం పొద్దున పార్కింగ్‌లో కుర్చీలు వేసుకుని మీటింగ్ పెట్టాం. అభిలాష్ కాగితం మీద లెక్కలు వేసుకొచ్చాడు. "వానకాలంల మన డాబా మీద పడ్డ నీళ్ళన్నీ పైపులల్ల రోడ్డు మీదికి పోతున్నయి. రోడ్డు మీద మోకాళ్ళ లోతు, మన కింద ఎండిన రాయి. ఆ నీళ్ళు భూమిలకు పంపిస్తే రెండు మూడేండ్లల్ల మొదటి బోరు మళ్ళ నీళ్ళు అందుకుంటది. కానీ గుంత ఏడ తవ్వాలె? ఈశాన్యంల సంపు, రెండు బోర్లు. జాగ లేదు."

"బాయి ఉండె గద," అంది ఆండాలమ్మగారు. "వాన నీళ్ళు దాంట్ల ఇడువుండ్రి."

అందరూ నా వైపు చూశారు.

"ఆ మూల ముట్టుకుంటే నేను ఊరుకోను," అన్నాను. "అది మా పార్కింగ్. నేను బతికుండగా నైరుతిలో గొయ్యి పడదు."

"ఇంద్రా, ఒక్కసారి ఆలోచిద్దాం," అన్నారు మా ఆయన.

"మీరు మాట్లాడకండి. మీ కోసమే ఇదంతా!"

అంతమందిలో అలా అరిచినందుకు ఆయన ముఖం చిన్నబోయింది. వానలు ఇంకో ఇరవై రోజుల్లో ఉన్నాయి. ఇప్పుడు కాకపోతే మళ్ళీ ఏడాదే అన్నాడు అభిలాష్. నేను కుర్చీ మడిచి లోపలికి వచ్చేశాను.

మంగళవారం క్లాసు మధ్యలో వెనక బెంచీ వైపు చూసి ఆగిపోయాను. ఆండాలమ్మగారు కూర్చుని ఉంది. పిల్లలు జరిగి చోటిచ్చారు. ఎవరో ఆమె ముందు మెటీరియల్ కూడా పెట్టారు. నేను ఏమీ చూడనట్టు చెప్పుకుపోయాను. "భూగర్భ జలం పునరుత్పాదక వనరని పుస్తకంలో ఉంటుంది. నిజానికి అది మన చేతిలో ఉంది. దిగే నీళ్ళకంటే తోడే నీళ్ళు ఎక్కువైతే అది తరిగిపోయే వనరే." ఆమె చెంపకు చెయ్యి ఆనించి గంటసేపు విన్నది. పిల్లల్లో సగం మంది అంత శ్రద్ధగా వినరు.

అందరూ వెళ్ళాక దగ్గరికి వచ్చింది. "మస్తుగ చెప్పినవ్ బిడ్డా. ఇంత ఎరుకున్నదానివి..." అని ఆగింది.

నాకు చుర్రుమంది. "ఏంటండీ ఆండాలమ్మగారూ, నన్ను దెప్పడానికి ఆటో ఎక్కి ఇంత దూరం వచ్చారా?"

"కాదు బిడ్డా. తప్పు ఒప్పుకుందామని ఒచ్చిన. ఇంట్ల సారు ఉంటడు, ఆయన ముందల చెప్పబుద్ధి కాలే." బెంచీ మీద కూలబడి కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ బాయి పూడ్వలే."

"ఏంటి?"

"పూడ్వనే లేదు. మీదికెల్లి స్లాబ్ ఏసిండ్రు, గంతే. నేనే బిల్డర్‌ని బతిమాలిన. మట్టి పొయ్యకుండ్రి, మూత ఏసుండ్రి, ఎవ్వరికి చెప్పకుండ్రి అన్న. ఆ బాయి మేమిద్దరం తవ్వినం బిడ్డా. ఆయన లోపల రాయి కొడ్తుంటే నేను తట్ట మోసిన. ఏడో నెల కడుపుతోని మోసిన. నీళ్ళు పడ్డ పొద్దు లోపల్నించి నన్ను పేరు పెట్టి పిలిచిండు. మళ్ళ ఎన్నడు గట్ల పిలువలే. దాంట్ల మన్ను ఎట్ల పొయ్యనిస్త?"

పన్నెండేళ్ళుగా మా కారు బావి మీద ఉంది. మా ఆయన రోజూ పొద్దున్నే దాని మీద నిలబడి కారు తుడుస్తున్నారు.

"మా ఆయన ప్రాణంతో ఆడుకున్నారా?" అని అరిచాను. గది ఖాళీగా ఉందో లేదో కూడా చూసుకోలేదు.

ఆమె తల దించుకుంది. "సారుకు నొప్పి ఒచ్చిన దినం నేను సగం సచ్చిన. నా బాయే చేసింది అనుకున్న. ఆ తొమ్మిది దినాలు దవాఖాన్ల ఎందుకు కూసున్న అనుకున్నవ్? సారుకేమన్న అయితే నీకు మొఖం ఎట్ల చూపియ్యాలె అని ఒక్కతీరుగ మొక్కిన. చెప్దామంటె నోరు రాలే."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"ఆ పసిపిల్ల తల్లి నీళ్ళు లేక పోయిందంటె మనసు పట్టలే. నువ్వు ఏం భయపడ్తున్నవో నాకెరుక, నాకు గదే భయం. కానీ బాయి ఆన్నే ఉన్నది, సారు మంచిగనే ఉన్నడు. అంతకంటె నాకేం ఎరుకలేదు బిడ్డా."

ఇంటికి ఇద్దరం ఒకే ఆటోలో వచ్చాం. నాకు ఆమె మీద కోపం ఎల్‌బీ నగర్ వైపు ఫ్లైఓవర్ ఎక్కేదాకా ఉంది, దిగాక నా మీదకు తిరిగింది. గొయ్యి పూడ్చినందుకు ఆయన బతికారని రెండేళ్ళు దండాలు పెట్టుకున్నాను. పూడ్చని గొయ్యికి దండాలు. ఆ సంగతి తెలిసిన మనిషి, నేను పెట్టిన భయాన్నే తన తప్పుగా మోస్తూ వరండాలో నా పక్కనే కూర్చుంది. నేను ఆమెకు ఒక్క రోజైనా కాఫీ తెప్పించి ఇచ్చానా అని ఆలోచిస్తే గుర్తు రాలేదు.

మా ఆయనకు చెప్పాను. మొదట నవ్వారు. తర్వాత, "అయితే ఆవిడ తొమ్మిది రోజులు వచ్చింది అందుకా?" అని అడిగారు. చివరికి కారు తాళాలు తెచ్చి నా ముందు పెట్టారు.

"నువ్వు తియ్యమంటేనే కారు తీస్తాను. నీకు భయమైతే వద్దు."

భయమే. ఎందుకు అబద్ధం చెప్పాలి? ఇంత చదువూ ఇంత పాఠమూ ఉండి కూడా, ఆ మూల తెరిస్తే ఈయన్ను పోగొట్టుకుంటానేమోనని. "తియ్యండి," అన్నాను. ఇంకో నిమిషం ఆలోచిస్తే అనలేకపోయేదాన్ని.

శుక్రవారం పొద్దున టైల్స్ లేపి, మిషన్‌తో స్లాబ్ కోశారు. పాత మట్టి వాసన పైకి తన్నింది. అభిలాష్ టార్చి వేశాడు. రాతి కట్టు చెక్కుచెదరలేదు. అడుగున నీళ్ళు మాత్రం లేవు. చుట్టూ పన్నెండేళ్ళలో వేసిన బోర్లన్నీ దాని కింద నుంచే తోడేసుకున్నాయి. ఆండాలమ్మగారు అంచున వంగి చూసి, లోపల ఒక రాయిని చూపించి, "గది ఆయన కొట్టిందే, వంకరగ ఉంటది," అంది.

వారంలో డాబా పైపులు బావి వైపు తిప్పారు. నీళ్ళు వడకట్టడానికి ముందు కంకర, ఇసుకతో చిన్న తొట్టి కట్టారు. బావి మీద ఇనుప జాలీ బిగించారు. మా కారు రోడ్డు మీద చెట్టు కిందకి మారింది.

జూన్ రెండో వారంలో, మధ్యాహ్నం నాలుగింటికి మొదటి వాన వచ్చింది. అందరం పార్కింగ్‌లోకి దిగాం. స్వప్న కూడా ఆ పొద్దునే బిడ్డతో తిరిగి వచ్చింది, ట్యాంకర్ల మీద ఎలాగో నెట్టుకొస్తానని. పైపు మొదట గుడగుడలాడింది. తర్వాత లోపలెక్కడో నలభై అడుగుల కింద నీళ్ళు రాతి మీద పడ్డ చప్పుడు వినిపించింది. పిల్లలు జాలీ చుట్టూ చేరి కేకలు పెట్టారు.

నేను మా ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచీ అదొక అలవాటు. నాడి చూస్తూనే బావిలోకి చూస్తున్నాను. అప్పుడు గమనించాను, ఆండాలమ్మగారు బావి వైపు చూడటం లేదు. జీవితంలో మళ్ళీ ఆ బావిలో నీళ్ళ చప్పుడు వింటానని అనుకోని మనిషి, అటు చూడకుండా మా ఆయన ఛాతీ వైపే చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. మొక్కుకుంటోంది.

"సారూ, జర ఎనుకకు జరుగుండ్రి. తడుస్తరు," అంది.

నాకు ఏడుపు వచ్చింది. ఆమెను దగ్గరికి పిలిచి మా ఆయన చెయ్యి ఆమె చేతిలో పెట్టాను.

"మీరే చూడండి ఆండాలమ్మగారూ."

నాడి ఎక్కడ చూడాలో ఆమెకు తెలియదు. వేళ్ళు అటూ ఇటూ జరుపుకుని, కళ్ళు మూసుకుని, చివరికి పట్టుకుంది.

"కొట్టుకుంటున్నది బిడ్డా," అంది. "మంచిగ కొట్టుకుంటున్నది."

వాన తగ్గేదాకా ఆ చెయ్యి వదల్లేదు.