కారణం అడిగే సిస్టం

పాస్‌వర్డు నాకు గుర్తులేదు. వేళ్ళకు గుర్తుంది. కీబోర్డు మీద చేతులు పెట్టి కిటికీలోంచి ఎటో చూస్తూ కూర్చుంటే అవే కొట్టేశాయి. నల్లటి తెర మీద చిన్న తెల్లటి గీత మిణుకుమంటూ నిలబడింది. పక్కనున్న మా బావమరిది పెంచలకృష్ణ గట్టిగా ఊపిరి వదిలాడు. అతనికంత భారం ఎందుకో ఆ రోజు నేను ఆలోచించలేదు.

నిరుడు మెదడుకు జ్వరం సోకి నలభై రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. లేచేసరికి వెనకటి నాలుగేళ్ళు లేవు. పాలిటెక్నిక్‌లో ఏళ్ళ తరబడి పిల్లలకు చెప్పిన లినక్స్ అనే కంప్యూటరు విద్య కూడా వాటితోపాటే పోయింది. నా భార్య ఇందిర రెండేళ్ళ క్రితమే చనిపోయిందన్న సంగతి రెండోసారి, ఒకరు చెబితే తెలుసుకున్నాను. నన్ను ఇంటికి తెచ్చేముందు పెంచలకృష్ణ వాళ్ళక్క ఫొటోకున్న దండ తీయించాడట, ఒక్కసారిగా చూస్తే తట్టుకోలేనని. అలాంటివాడు. అతని గురించి ఇంకో రకంగా కూడా చెప్పవలసి ఉంది కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

తోటపల్లి గూడూరుకు తూర్పున, ఉప్పుకాలవ ఒడ్డున అతనికి నాలుగు రొయ్యల గుంటలున్నాయి. గట్టు మీది షెడ్డులో పాత సిస్టం పెట్టి, లినక్స్ ఎక్కించి, గుంటలోకి గాలి కొట్టే ఏరియేటర్లనూ నీళ్ళు బయటికి తోడే మోటార్లనూ దానికి తగిలించింది నేనేనట. నేను మంచాన పడ్డాక వాటిని చేత్తోనే వేస్తున్నారు. మళ్ళీ నేర్చుకుంటే బుర్రకు మంచిదని డాక్టరు అన్నాడని, మూడు వారాలుగా రోజూ మధ్యాహ్నం పెంచలకృష్ణ నన్ను బండి మీద తెచ్చి అక్కడ కూర్చోబెడుతున్నాడు.

నాకు గురువు నా పాత నోటుపుస్తకమే. పేజీకో కమాండు, కింద నా అక్షరాల్లోనే వివరం. ఫైళ్ళ పేర్లు చూపేది ఒకటి, ఫైలు తెరిచి చదివించేది ఒకటి. ఒకనాడు నేర్చింది మర్నాటికి జారిపోయేది. మళ్ళీ మొదటి పేజీ. ఒక పేజీలో మాత్రం ఎర్రసిరాతో రాసి ఉంది: "ఆర్‌ఎం. చెరిపేస్తుంది. మళ్ళీ అడగదు, వెనక్కివ్వదు." పెంచలకృష్ణకు మిగతా పేజీలతో పని లేదు. దింపేటప్పుడు ఒకటే అడిగేవాడు, చెరిపేది వచ్చిందా బావా అని.

షెడ్డు దగ్గర కాపలా పోలేరయ్య. నాకు కుడిచెయ్యి వణుకుతుందని మొదటిరోజే కనిపెట్టి, టీ గ్లాసు ఎప్పుడూ ఎడమపక్కన పెట్టేవాడు. ఎవరూ చెప్పకుండా చేసే ఇలాంటి పనులే ఈ మధ్య నన్ను నిలబెడుతున్నాయి. రెండేళ్ళ క్రితం దాకా కాలవకు దిగువన అతనికీ ఒక కౌలు గుంట ఉండేది. తెల్లమచ్చ రోగం తగిలి వారంలో రొయ్యంతా చచ్చింది. తర్వాత ఇక్కడ చేరాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆకు కదలలేదు. సముద్రం వైపు మబ్బు నల్లగా దిగి ఉంది. గట్టు పొడుగునా కాకులూ కొంగలూ వరసగా వాలి, అరుపు లేకుండా నీళ్ళకేసి చూస్తున్నాయి. రొయ్య చచ్చి తేలబోయే రోజు మనకంటే ముందు వాటికే తెలుస్తుందంటారు. నాలుగు గుంటల్లోనూ రొయ్య బాగానే ఉందని పెంచలకృష్ణ నాకు రెండుసార్లు చెప్పాడు. నేను అడగలేదు.

అప్పుడు అసలు పని చెప్పాడు. రెండేళ్ళ కిందట మన గుంటలోని రోగపు నీళ్ళు కాలవలోకి వదిలి తమ గుంటలు ముంచామని దిగువ రైతులు ఫిర్యాదు చేశారట. రేపు మత్స్యశాఖ ఆఫీసరు వస్తాడు. సిస్టం నడుస్తూ ఉండాలని నోటీసులో రాశాడు కనుక దాన్ని పగలగొట్టడానికి లేదు. మోటారు ఎప్పుడెప్పుడు నడిచిందీ రాసుకునే ఫైలొకటి ఉంది, అది పోతే చాలు. తనకు కంప్యూటరు రాదు, నేనే చెరపాలి. అందులో ఏముందని అడిగితే చెత్త అన్నాడు. మేత లారీ వచ్చిందని బయటికి వెళ్ళాడు.

చెరిపేముందు చదవడం కూడా నేర్చాను కదా. తెరిచాను.

కారణం రాయనిదే మోటారు కదలకుండా చేసిపెట్టుకున్నట్టున్నాను. ప్రతి వరసకూ తేదీ, నడిపినవాడి పేరు, కారణం ఉన్నాయి. ఒక తేదీ దగ్గర ఆగిపోయాను. ఇందిర పోయిన తేదీ ఫొటో కింద రాసి ఉంటుంది. ఇది దానికి మూడో రోజు. రెండో గుంట మోటారు ఐదు గంటలు నడిచింది. పేరు పద్మనాభయ్య. నా పేరే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "తెల్లమచ్చ. కాలవలోకి వదిలాను. కింది గుంట పోలేరయ్యకు చెప్పలేదు."

నా పేరున్న ఇంకెవరో ఆ కుర్చీలో కూర్చుని లేచి వెళ్ళినట్టు అనిపించింది.

పోలేరయ్య టీ తెచ్చాడు. ఇందిర పోయిన మూడో రోజు నేనిక్కడికి వచ్చానా అని అడిగాను. గ్లాసు ఎడమపక్కన పెట్టి, గడపలో కూలబడ్డాడు.

"మీకు గుర్తొచ్చిందా అయ్యోరా? నేనెవరికీ చెప్పలేదు. మా ఆడదానికి గూడా."

"ఏం చెప్పలేదు?"

"మైలలో ఉన్న మనిషి గుంట గట్టు ఎక్కగూడదు గదా. మీ బావమరిది మైల తీరేదాకా ఈ దిక్కుకే రాలేదు. మీరొచ్చినారు. పోతా పోతా మా గట్టు మీద నిలబడినారు. ఆ మొహం చూసి పోపొమ్మని ఎట్టంటా? కూర్చోబెట్టి నీళ్ళిచ్చినా. వారానికి గుంట పోయింది. నా చేత్తో నేనే చేసుకున్నా." గడప మీది మట్టి గీకుతూ అన్నాడు, "ఫిర్యాదు కాయితం మీద వేలిముద్ర వెయ్యమని కిందోళ్ళు అడిగినారు. ఏ మొహంతో వేసేది?"

రెండేళ్ళుగా ఈ మనిషి తన దయనే తప్పనుకుని మోస్తున్నాడు.

లారీ వెళ్ళిన చప్పుడైంది. పెంచలకృష్ణ లోపలికొచ్చి తెర చూశాడు. పోలేరయ్యను బయటికి పంపి తలుపు దగ్గరికేశాడు. గొంతు పెంచలేదు.

"వదలమన్నది నేనే బావా. మైల లేదు గియిల లేదు, నేను పోతానన్నది నువ్వు. అందులో ఉండేది నీ పేరు, నాది గాదు. దేవుడే మరిపించినాడు. ఇంకెందుకు తవ్వుతావు?"

బెదిరింపో జాలో నాకు తెలియలేదు. రెండూ అయి ఉండొచ్చు. అతనే ఎర్రసిరా పేజీ తీసి నా ముందు పెట్టాడు. ఫైలు పేరుతో సహా కొట్టాను. ఇక ఒక్క మీట. నాకు గుర్తులేని పాపం అది. నొక్కితే ప్రపంచంలో ఎవరికీ గుర్తుండదు. తన్ను తానే తిట్టుకుంటూ పోలేరయ్య మాత్రం మిగిలిపోతాడు.

కొట్టింది తుడిచేశాను. లేచి తలుపు తీసి, పోలేరయ్యను లోపలికి రమ్మన్నాను. అతనికి చదువు రాదు. తేదీ, పేరు, కారణం ఒక్కొక్కటే వేలు పెట్టి చదివి వినిపించాను.

తెర మీది ఆ వరసను తనూ వేలితో తాకి అడిగాడు. "అయితే మైల గాదా?"

"కాదు. నీళ్ళు. నేను వదిలిన నీళ్ళు."

పోలేరయ్య నన్నే చూస్తూ నిలబడ్డాడు. "ఆ రోజు చెంబెడు నీళ్ళూ గడగడా తాగినారు," అన్నాడు మెల్లగా. "దాహం గామోసు అనుకున్నా."

తువ్వాలు భుజాన వేసుకుని గట్టు దిగి, కాలవ వెంట దిగువకు నడిచాడు. అతన్ని పిలువు బావా, పిలువు అని పెంచలకృష్ణ నా భుజం పట్టి కుదుపుతున్నాడు. నేను పిలవలేదు. దూరాన దిగువ గుంటల దగ్గర మేత చల్లుతున్న మనుషులు చేతులు ఆపి, అతను చెప్పేది విని, ఒకరి తర్వాత ఒకరు మా షెడ్డు వైపు తిరిగారు.