నికోలా పండగ కొవ్వొత్తి

మా ఇంటివేలుపు సెయింట్ నికోలా. ఆయన పండగకు మేం ఎవరినీ పిలవం. గుమ్మం తొక్కిన ప్రతివాళ్ళకీ చెంచాడు ఉడికించిన గోధుమలు పెడతాం, పగవాడైనా సరే. పొద్దున ఇంటి యజమాని కొవ్వొత్తి వెలిగిస్తాడు, సాయంత్రం తనే వైన్ చుక్కలతో ఆర్పుతాడు. అందాకా గడప దాటడు.

ఆ ఆచారాన్నే నా మొగుడు విదోయె అడ్డం పెట్టుకున్నాడు. సెర్బు జాతికి దిక్కు తానేనని చెప్పుకునే నాయకుడు. బోస్నియా యుద్ధంలో మా ఊరి ముస్లింలను చంపించాడని కేసు. బెయిలు మీద ఇంటికొచ్చాడు. ఆ ఏటి పండక్కి ఇల్లంతా పార్టీ జనం, వేయించిన చేపల వాసన, సిగరెట్ పొగ.

"వాళ్ళు మాయమైంది సరిగ్గా ఈ పండగ రోజే. నేను కొవ్వొత్తి దగ్గర్నుంచి కదిలితే ఒట్టు! సోమవారం కోర్టులో మా స్తానాయే చెప్తుంది. ఏమే?" అన్నాడు విదోయె నావైపు తిరిగి.

తలూపాను. ఇన్నేళ్ళుగా ఊపుతున్న తలే కదా, సిగ్గులేని తల!

అప్పుడే గుమ్మంలో నాఫా కనబడింది. పక్కింటి చమిల్ భార్య. ప్రతి ఏడూ మా పండక్కి ఫాదర్ కంటే ముందు చమిలే వచ్చేవాడు. యుద్ధంలో మాయమైన వాళ్ళలో అతనూ ఒకడు. ఎముకైనా దొరకలేదు.

"ఈమెనెవడ్రా రానిచ్చింది?" అన్నాడొక పార్టీవాడు.

విదోయె పళ్ళు కొరుక్కుంటూనే లేచి నిలబడ్డాడు. పండగ పూట అతిథి వస్తే లేవనివాడి మొహాన ఊరు ఉమ్మేస్తుంది. నేను గోధుమలు తెచ్చాను.

"నీ చేతి రుచి మారలేదు వదినా," అంది నాఫా. ఆమె విదోయె వైపు తిరిగింది. "అన్నా, ఆ ఏడు మా ఆయన కొత్త చొక్కా వేసుకుని మీ ఇంటికే బయల్దేరాడు. వచ్చాడా?"

"రాలేదమ్మా. వస్తే నేను చూడనా? ఇక్కడే ఉన్నాగా."

నాఫా నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పు వదినా. కోర్టుకి కాదు, నాకు చెప్పు."

నోరు మూసుకుంటే మొగుడు మిగులుతాడు. మూసుకోలేకపోయాను.

"వచ్చాడే తల్లీ. గోధుమలు మారు అడిగి తిన్నాడు. ఈయనే భుజం మీద చెయ్యేసి బయటికి తీసుకెళ్ళాడు."

"స్తానా! మతి పోయిందా?"

"అరవకు! ఆ సాయంత్రం కొవ్వొత్తి ఎవరు ఆర్పారు? నువ్వా?"

ఆ ప్రశ్నకు అర్థం గదిలో అందరికీ తెలుసు.

"నేనే ఆర్పాను నాఫా. ఈయన తెల్లారి వచ్చాడు, బూట్ల నిండా సున్నం. పాత సున్నపు బట్టీ దగ్గర తవ్వించు."

"ఆ బూట్లేవి?"

"నేనే కడిగేశాను."

నాఫా మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది.