పేజీకో స్టాపు

మామగారు ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమైతే వదిలింది గానీ ఆ కేకలు వదల్లేదు. మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం తెరిచారంటే "రైట్ రైట్!" అన్నాకే కథ కదిలేది. పేజీ చివర "హోల్డాన్!" ఎవరు దిగారో, తరవాత స్టాపులో ఎవరెక్కుతారో పిల్ల చెప్పాలి. ఒక్కోసారి పావుగంట పట్టేది. ఆయనకేం తొందర!

నర్సుగా పనిచేసే కోడలికి మాత్రం ఒళ్లు మండేది. వారంలో పిల్లను బళ్లో చేర్చాలి. డ్యూటీ నుంచి వచ్చేసరికి తనకు కూర్చుని నేర్పే ఓపిక ఉండదు. పిల్లకా, ఒక్క అక్షరం ముక్క రాదు.

"మామయ్యా, పుస్తకాలు కొన్నది చదవడానికి, బస్సు నడపడానికి కాదు."

"అలాగేలేమ్మా," అన్నారాయన చిన్నబుచ్చుకుని.

బడికి బయల్దేరేముందు పిల్లకూ గట్టిగా చెప్పింది. "అక్కడ బస్సాట ఆడావో, ఊరుకోను!"

బళ్లో టీచరమ్మ ఒక బొమ్మల పుస్తకం చేతికిచ్చి, "ఇందులో కథేంటో చెప్తావా తల్లీ?" అంది. పిల్ల పేజీ తెరిచి, తల్లి మొహంలోకి చూసి, మూతి బిగించుకుంది. మళ్లీ అడిగినా ఉలుకూ పలుకూ లేదు. టీచరమ్మ కాగితం మీద ఏదో రాసుకోబోయింది. అప్పుడు తట్టింది తల్లికి. పిల్లకు రాక కాదు, ఆ నోరు కట్టేసింది తనే.

సిగ్గు పక్కనపెట్టి, "రైట్ రైట్!" అని అరిచింది.

పిల్ల మొహం విప్పారింది. మొదటి వరుస కింద వేలు పెట్టి ఎడమ నుంచి కుడికి నడిపించింది. "హోల్డాన్! కుందేలు దిగిపోయింది. గొడుగు మర్చిపోయింది, తడిసిపోదూ? తరవాత స్టాపులో ఎవరున్నారో మీరు చెప్పండి టీచర్!" టీచరమ్మ చెప్పేదాకా పేజీ తిప్పనివ్వలేదు.

టీచరమ్మకు నవ్వాగలేదు. "అక్షరాలదేముందండీ, మేం నేర్పుతాం. కథ కోసం ఈ ఆరాటం ఇంట్లోనే రావాలి. ఎవరింత ఓపిగ్గా కూర్చోబెట్టుకుంది?"

"మా మామయ్య," అంది కోడలు.

ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. "ఏమన్నారమ్మా?"

"నేను చెయ్యలేనిది మీరు చేశారు మామయ్యా. తెలియక నోరు పారేసుకున్నాను." పుస్తకం ఆయన చేతిలో పెట్టి, పిల్ల పక్కన చాప మీద కూర్చుంది. "నాకూ చోటుందా?"

ఆయన కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు.

"జరగాలమ్మా, జరగాలి! లేడీస్ ఎక్కుతున్నారు!"