హారతి పళ్లెంలో గోళీలు

పంతొమ్మిది వందల ఎనభై అయిదు నాటి మాట. బొంబాయి కామాటిపురలో తెలుగువాళ్లుండే ఒక చాల్‌లో, అంటే వరసగా ఒంటిగది ఇళ్లున్న పాత భవనంలో, ప్రతి మంగళవారం సాయంత్రం భజన జరిగేది. భజన అన్నాక హారతి, హారతి అయ్యాక ప్రసాదం. ఇందులో వింతేముంది అంటారా? ప్రసాదం పంచే తీరులోనే ఉంది వింత. మండలి పెద్ద దుర్గయ్య ముందుగా ఒక్కొక్కరి అరచేతిలో ఒక ఎర్ర గోళీ పెట్టేవాడు. జనం దాన్ని కళ్లకద్దుకుని మింగేవారు. ఆ పైన నెయ్యి కారే షీరా, అదే మన రవ్వకేసరి, ఒకటికి రెండు గరిటెలు!

ఆ గోళీ మరేదో కాదు, విటమిన్లూ ఖనిజాలూ కలిపి చేసిన బలం బిళ్ల. భజనలో ఢోలకీ వాయించే బాలనర్సయ్య గ్రాంట్ రోడ్ దగ్గర ఒక మందుల దుకాణంలో పనిచేస్తాడు. అతనే తెచ్చాడు.

"షక్కర్ బీమారి రాకుండ ఆపుతదంట అన్నా. దుకాన్ల అందరు గదే అంటున్నరు" అన్నాడు.

మోసం చేయాలని కాదు. విన్నమాట చెప్పాడు, తానూ మింగాడు. దుర్గయ్య ఆ సీసాను పోచమ్మ పటం ముందు పెట్టి పసుపు కుంకుమ అద్దాడు. అక్కడే వచ్చింది చిక్కు. దేవత ముందు పెట్టాక అది మందు కాకుండా పోయింది, మహిమ అయి కూర్చుంది. మహిమను ప్రశ్నించే ధైర్యం ఎవరికి ఉంటుంది చెప్పండి!

షక్కర్ బీమారి, అదే మధుమేహం అంటే దుర్గయ్యకు ఉన్న భయానికి కారణం లేకపోలేదు. అతని అన్న శివరాం నిరుడే పోయాడు. షక్కర్ ముదిరి కాలు పుండైంది. మోకాలి దాకా తీసేసినా ప్రాణం దక్కలేదు. వీళ్ల తాతలు నెత్తిన రాళ్లు మోసి ఈ బొంబాయి గోడలు లేపినవాళ్లు. దుర్గయ్య మాత్రం ముకాదం, కూలీల మీద పెద్ద. స్టూలు మీద కూర్చుని పని చేయిస్తాడు, పూటకు నాలుగు చాయ్‌లు తాగుతాడు. పొట్ట ముందుకు వచ్చింది. స్నానం చేసేటప్పుడల్లా తన పాదాలు తడిమి చూసుకునేవాడు. పాపం, ఆ భయమే మనిషిని సీసాకు కట్టేసింది.

దుర్గయ్య కోడలు చంద్రమ్మ తన బిడ్డకు టీకా వేయించడానికి దవాఖానకు వెళ్తే, ఇంట్లో ఒకరికి షక్కర్ ఉంటే రక్తసంబంధీకులు కూడా పరీక్ష చేయించుకోవాలని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. చంద్రమ్మ ఇంటికి రాగానే మామ దగ్గరికి వెళ్లింది.

"మామా, ఒక్కపారి దవాఖానకు పోయొద్దాం రాండ్రి. రక్తం చూస్తరంట, బస్."

"గోళీ తింటున్న గద! ఇంక చూసేదేముంది?"

"చూస్తె పోయేదేముంది మామా?"

"అమ్మవారి మీద నమ్మకం లేదా నీకు?" అని గద్దించాడు దుర్గయ్య.

అంతటితో ఊరుకునే పిల్ల కాదు చంద్రమ్మ. వెళ్లి రత్నాబాయితో చెప్పుకుంది. రత్నాబాయి చనిపోయిన శివరాం భార్య. భజనలో పాట ఎత్తుకునేది ఆమే.

మరుసటి మంగళవారం అరచేతిలో గోళీ పడగానే రత్నాబాయి దాన్ని తిరిగి పళ్లెంలో వేసింది. అందరి చేతులూ ఆగిపోయాయి.

"ఏంది వదినా, పర్సాదం వాపస్ ఇస్తున్నవ్?" అన్నాడు దుర్గయ్య.

"పర్సాదమైతె కండ్లకు అద్దుకుంటుంటి. ఇది దుకాన్ల గోళీ. దుర్గయ్యా, నువ్వు అమ్మవారి మీద నమ్మకంతోని దీన్ని తింటలెవ్వు. పరీక్షకు భయపడి తింటున్నవ్. మీ అన్న గూడ గంతే. రేపు పోత, ఎల్లుండి పోత అనుకుంట కాలు పోగొట్టుకున్నడు. ఆ పుండు కడిగింది నేను. ఇంకో మనిషికి కడిగెటానికి నా చేతుల్ల తాకత్ లేదు అయ్యా!"

ఆమె ఏడ్చేసింది. ఆ రోజు దుర్గయ్య షీరా ముట్టకుండానే లేచిపోయాడు.

తెల్లారి కోడలి వెంట దవాఖానకు వెళ్లాడు. పరగడుపున ఒకసారి, గ్లూకోజు నీళ్లు తాగించి కొంతసేపటికి మరోసారి నెత్తురు తీశారు. ఫలితం చెప్పే రోజున మన మహానుభావుడు సీసాను జేబులో వేసుకుని మరీ వెళ్లాడు. రోగం ఇంకా రాలేదు, గడప దాకా వచ్చి నిలబడింది అని చెప్పింది డాక్టరమ్మ.

"చూసినవా పిల్లా, గోళీలే ఆపినయి!" అంటూ దుర్గయ్య సీసా బయటికి తీశాడు.

డాక్టరమ్మ ఆ సీసాను చూసి తల అడ్డంగా ఊపింది. "ఇవి ఆపేవే అయితే గడప దాకా ఎందుకు రానిచ్చాయి? ఒంట్లో విటమిన్ లోటు ఉంటే మేమే గోళీలు ఇస్తాం. లోటు తీర్చడానికి అవి మంచివే. షక్కర్ రాకుండా ఆపుతాయనడానికి మాత్రం రుజువు లేదు. రోజూ నడవండి, బరువు తగ్గండి, తీపి తగ్గించండి. కొన్ని నెలలకు మళ్లీ చూద్దాం. మీకింకా సమయం ఉంది."

సమయం ఉంది అన్న మాట వినగానే అంత పెద్దమనిషీ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. వేళకు దవాఖానకు పోని అన్నకు ఆ మాట చెప్పేవాళ్లు లేకపోయారు.

ఆ తర్వాతి మంగళవారం హారతి పళ్లెంలో గోళీలు లేవు. సంగతి తెలిసి బాలనర్సయ్య చిన్నబోయాడు.

"నేను మోసం చేసిన్నా అన్నా?"

"లేదు తమ్మీ. నువ్వు విన్నది చెప్పినవ్. మందును తీస్కపోయి దేవత పక్కన కూసోబెట్టింది నేను. తప్పు నాది."

తప్పు ఒప్పుకోవడం సులువే అయింది, నడవడమే కష్టమైంది. కష్టజీవుల చాల్ అది. పని లేకుండా రోడ్డు మీద తిరిగితే నలుగురూ నవ్వరూ? దుర్గయ్య రెండు రోజులు నడిచి సిగ్గుపడి మానేశాడు. అప్పుడు చంద్రమ్మే అంది: "కూసోని పాడే భజన నడుసుకుంట పాడితె అమ్మవారు వద్దంటదా మామా?"

ఇంకేం! పొద్దున్నే తాళాలతో మండలి మొత్తం బయల్దేరింది. ముందు రత్నాబాయి పాట, వెనక మెడలో ఢోలకీతో బాలనర్సయ్య, చౌపాటీ సముద్రతీరం దాకా నడక. షీరా పండుగలకే పరిమితమైంది. మిగతా రోజుల్లో నానబెట్టిన శనగలే ప్రసాదం. మొదట్లో సణిగినవాళ్లే తర్వాత తాళాల కోసం పోటీ పడ్డారు. వాళ్లలో కొందరు దవాఖానకు వెళ్లి పరీక్ష కూడా చేయించుకున్నారు.

కొన్ని నెలలు గడిచాక దుర్గయ్యకు మళ్లీ నెత్తురు పరీక్ష చేశారు. షక్కర్ మామూలుకు వచ్చింది! ఈ కబురు విని పక్క గల్లీ మండలి పెద్ద పరుగెత్తుకొచ్చాడు.

"ముకాదం సాబ్, ఏం గోళీ తిన్నరు? పేరు చెప్పుండ్రి, మేము గూడ తెప్పించుకుంటం."

దుర్గయ్య ఫక్కున నవ్వాడు. ఆ వెంటనే అతని భుజం మీద చెయ్యి వేసి అన్నాడు:

"డాక్టర్ ఇస్తె గోళీ తినుండ్రి అన్నా, లోటు నింపుతది. గానీ భయమైతున్నప్పుడు సీసా చాటుకు పోకుండ్రి, పరీక్షకు పోండ్రి. మన బదులు గోళీ నడవది. మన కాళ్లు దక్కాల్నంటె మన కాళ్లతోని మనమే నడవాలె."