మోచేతుల ఎత్తు

అంట్లు తోముతూ నా రెండు మోచేతుల మధ్య ఎంత ఎడం ఉందో చూసుకుంటున్నాను. పీట మీద కూర్చుని గిన్నె దగ్గరికి లాక్కున్నప్పుడు మోచేతులు వాటంతటవే లోపలికి వస్తాయి. ఎవరూ నేర్పలేదు. అమ్మ తోమినా అంతేనా అని పక్కకి తిరిగి చూశాను. అంతే.

"ఏంటే, నా చేతుల వంక అలా చూస్తావు? గాజు గానీ చిట్లిందా?" అంది అమ్మ.

లేదన్నాను. సైకిలు గురించి ఆలోచిస్తున్నానంటే నవ్వుతుందని చెప్పలేదు. నాకు మాట నోటిదాకా వచ్చి, ఎదుటివాళ్ళ మొహం చూడగానే లోపలికి పోతుంది. తర్వాత డైరీలో రాసుకుంటాను. ఇదీ అలా రాసుకుంటున్నదే.

సైకిలు లిడియా టీచర్ది. మా ఊరి హైస్కూల్లో ఆవిడ పీఈటీ. పెళ్ళికి ముందు పందేల్లో తొక్కేవారట. ఇద్దరు పిల్లలు పుట్టాక వాళ్ళాయన "ఇంకా ఆ సన్న సీటు మీద ఊరేగుతావా?" అన్నారట. అప్పట్నించీ అది పెరటి గోడకి వేలాడుతూ, పిల్లల బట్టలు ఆరేసుకోడానికి పనికొచ్చింది. నేను పది పాసై ఏలూరులో ఇంటర్లో చేరాక కూడా పొద్దున్నే చేలగట్ల మీద పరిగెత్తడం, కాలవలో ఈదడం మానలేదని ఎవరో చెబితే, ఆవిడే సైకిలు దింపి తుడిచి ఇచ్చారు. ఈత, సైకిలు, పరుగు మధ్యలో ఆగకుండా ఒకదాని తర్వాత ఒకటి చేసే పోటీ ఉంటుందని, దాన్ని ట్రయాథ్లాన్ అంటారని అప్పుడే విన్నాను. కాకినాడలో జరగబోతోంది.

"ఈతా పరుగూ నీకు వచ్చు. సైకిలు మీదే గాలికి ఓడిపోతున్నావు ఇందూ. ఏరో బార్లు పెట్టించుకో. వచ్చే ఆదివారం నేనొచ్చి చూస్తాను. మోచేతులు ఎత్తకుండా వంతెన దాకా వెళ్ళి తిరిగొచ్చావంటే నీ పేరు పంపిస్తాను. లేదంటే వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు టీచర్.

వచ్చే ఏడాది అనే మాటంటే నాకు భయం. టీచర్ సైకిలు కూడా వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అనుకుంటూనే గోడకెక్కి ఉంటుంది.

మా ఊరికి ఒక పక్క చేపల చెరువులు, ఇంకో పక్క కొల్లేరు. మధ్యలో గట్టు రోడ్డు. అక్కడ గాలికి అడ్డం ఏమీ ఉండదు. గూడబాతులు అదే గాలిలో మెడ వెనక్కి ముడుచుకుని రెక్కలు పెద్దగా ఆడించకుండా వెళ్ళిపోతాయి. నీటికాకులేమో మెడ ముందుకు చాపి ఎగురుతాయి. రెండిట్లో దేనికి గాలి తక్కువ తగులుతుంది? కనపడని గాలి మనిషికి ఎక్కడెక్కడ తగులుతుందో ఎలా తెలుసుకోవడం? ఫిజిక్స్ సార్‌ని అడగాలనుకున్నాను. క్లాసులో లేచి నిలబడాలి కదా, అడగలేదు.

నాన్నతో తాడేపల్లిగూడెంలో సైకిలు షాపుకి వెళ్ళాను. షాపు ఆయన పేరు ప్రదీప్. ఏరో బార్లంటే ముందుకు పొడుచుకొచ్చిన రెండు గొట్టాలు. వాటి వెనక చివర మోచేతులు ఆనించుకోడానికి రెండు చిన్న దిండ్లు ఉంటాయి. వాటి మీదికి వాలితే ఒళ్ళు గాలికి తక్కువ తగులుతుంది.

"హ్యాండిల్ మొత్తం మార్చేద్దామాండీ, ఉన్నదాని మీదే తగిలించేద్దామాండీ?" అని ఆయన నాన్నని అడిగాడు.

నాన్న నా వంక చూశారు. హ్యాండిల్ మొత్తం మారిస్తే బ్రేకు తీగలన్నీ మార్చాలి. మా రోడ్డు మీద ట్రాక్టర్లు, గేదెలు. పాత బ్రేకులే నా చేతికి అలవాటు. ఇదంతా ముందే ఆలోచించుకునే వచ్చాను. "తగిలించేవే" అన్నాను నెమ్మదిగా. తర్వాత గొట్టాల ఆకారాలు. తిన్నగా ఉన్నవి పట్టుకుంటే మణికట్టు కిందికి విరిగినట్టయింది. కొసలు బాగా పైకి లేచినవి గేదె కొమ్ముల్లా ఉన్నాయి. మూడో రకం కొద్దిగా వంపు తిరిగి, నీళ్ళ చెంబు పట్టుకున్నట్టే అమరింది. అవే కావాలన్నాను. ఒక వస్తువుని నా చేతికి సరిపోతుందా అని చూసి ఎంచుకోవడం నాకదే మొదలు. ఇంట్లో చీపురూ కవ్వమూ అన్నీ నేను పుట్టకముందు నుంచీ ఉన్నవే, వాటికి నేనే సరిపోవాలి.

అంతవరకూ సంతోషంగానే ఉంది. సైకిలుని స్టాండుకి బిగించి నన్ను ఎక్కమన్నాడు. షాపు వీధి గుమ్మం నా వెనక ఉంది. నేను దిండ్ల మీదికి వాలగానే నాన్న వచ్చి నా వెనక నిలబడ్డారు. భుజం మీది తువ్వాలు తీసి రెండు చేతులా పట్టుకున్నారు, వీధికి అడ్డంగా.

"అమ్మాయిగారికి భుజాలు లాగుతున్నాయేమో అడగండి" అన్నాడు ప్రదీప్.

"లేదులెండి" అన్నారు నాన్న.

నా భుజాల సంగతి ఆయనకెలా తెలిసిందో! దిండ్లు మరీ ఎడంగా ఉన్నాయని చెప్పాలనుకున్నాను. ఈలోగా నాన్నే, "ఇంత కిందికి వద్దండీ. కాస్త పైకి పెట్టండి, ఆడపిల్ల కదా" అన్నారు.

"పైకి పెడితే పెద్ద లాభం ఉండదండీ."

"పర్లేదండీ."

ప్రదీప్ ప్యాకెట్లో ఉన్న ప్లాస్టిక్ బిళ్ళలన్నీ దిండ్ల కింద ఒకదాని మీద ఒకటి పేర్చి, పొడుగు బోల్టులు వేసి బిగించాడు. వెనకనుంచి చూసి నాన్న "ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నారు. మిగిలిన పొట్టి బోల్టులు చిన్న కవర్లో వేసి నా చేతికిచ్చాడు.

నాన్న చెడ్డవారు కాదు. బార్లు కొన్నది ఆయనే. కానీ నాయనమ్మ ఒకరోజు అరుగు మీద నుంచి "ఒరే నరసింహమూర్తీ, అది అలా వంగి తొక్కుతుంటే వెనక వచ్చేవాళ్ళు ఏం చూస్తారో నీకు తెలియదట్రా?" అంది. అప్పట్నించీ నేను సైకిలు తీస్తే నాన్న బండి మీద నా వెనకే వస్తున్నారు. ఆ వెనక వచ్చేవాళ్ళని చూపు తిప్పుకోమని ఎవరూ అనరు. పైగా నాట్లప్పుడు చేలో వరసగా వంగిన ఆడవాళ్ళని రోడ్డు మీద వెళ్ళే ప్రతివాళ్ళూ చూస్తారు. అప్పుడు నాయనమ్మే గట్టు మీద నిలబడి "వంగండమ్మా వంగండి, పొద్దెక్కిపోతోంది" అని తొందరపెడుతుంది. వంగడం తప్పో కాదో ఆ పని ఎవరిదో చూసి చెబుతారా? నాకు కోపం కన్నా ముందు ఆశ్చర్యమే వేసింది.

కొత్త బార్లతో గట్టు రోడ్డు మీదికి వెళితే సైకిలు ముందుకు పోదే! చేతులు బార్లా చాపి కూర్చున్నట్టుంది. గాలి నేరుగా గుండెల మీద కొడుతోంది. నాకేనా ఇలా, నిజంగానేనా? తేల్చుకోవాలని వంతెన ఎక్కి, అక్కణ్ణించి తొక్కకుండా సైకిలుని దానంతట దాన్ని పోనిచ్చాను. చేపల మేత షెడ్డు రాకముందే ఆగిపోయింది. మళ్ళీ ఎక్కి, ఈసారి కొత్త బార్లు ముట్టుకోకుండా పాత హ్యాండిల్ పట్టుకునే బాగా వంగి వదిలాను. షెడ్డు దాటి పోయింది. మూడోసారి చూసినా అంతే. బార్లు లేనప్పటికంటే ఉన్నప్పుడే మెల్లగా పోతున్నానన్నమాట.

"ఏంటమ్మా ఆ ఎక్కడం దిగడం?" అని వెనకనుంచి నాన్న.

"ఊరికేనండీ" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం నాన్న చేపల చెరువు దగ్గరికెళ్ళారు. నాయనమ్మ కునుకు తీస్తోంది. బోల్టులు తిప్పే ఎలెన్‌కీ తీసుకుని కూర్చున్నాను. బిళ్ళలన్నీ ఊడదీశాను. దిండ్లని లోపలి బెజ్జాల్లోకి జరిపాను. బోల్టు ఎంత తిప్పినా దిండు మాత్రం లొడలొడలాడుతోంది. పొడుగు బోల్టు అడుగు తగిలి ఆగిపోతోందని చాలాసేపటికి తెలిసింది. పొట్టి బోల్టుల కవరు ఏమైందో!

"దీనికోసమా?" అమ్మ పిన్నీసుల డబ్బా తెచ్చింది. కవరు అందులో ఉంది. "ఇనప సామాను కదా, పారేస్తావని దాచాను. ఏం చేస్తున్నావే?"

చెప్పాను. గాలి సంగతి, వంతెన, షెడ్డు, అన్నీ. నేను అంతసేపు మాట్లాడ్డం అమ్మ ఎప్పుడూ వినలేదేమో, చేతిలో డబ్బా అలాగే పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత సీటు పట్టుకుని "ఎక్కు, నేను చూస్తాను" అంది. వాలాను. మోచేతులు అంట్లు తోమేటప్పటిలా దగ్గరగా, భుజాల కిందికి వచ్చాయి. మెడ బిగుసుకోలేదు. అమ్మ పక్కకి వెళ్ళి చూసింది, ముందుకొచ్చి చూసింది.

"ముందున్నట్టు లేదే. మనిషివి సర్దుకున్నట్టున్నావు" అంది. దిండు మీద చెయ్యి వేసి, "నా కుట్టుమిషనూ ఇంతే. వీధిలోకి నా మొహం కనపడకూడదని మీ నాన్న గోడవైపు తిప్పి పెట్టారు. వెలుతురు వెనకనించి వస్తుంది. బట్ట మీద నా నీడే పడి, సూది ఎక్కడ దిగుతోందో కనపడదు. పద్దెనిమిదేళ్ళుగా అలాగే కుడుతున్నా" అంది.

"తిప్పుకోలేకపోయావా అమ్మా?"

"తిప్పొచ్చని తోచలేదే" అంది అమ్మ. బాధగా అనలేదు. తనకే వింతగా ఉన్నట్టు అంది.

"నాన్న చూస్తే?"

"చూస్తారు. గుడ్డివాడా ఏంటి?" అని నవ్వింది. నవ్వాక మొహం కొంచెం పాలిపోయింది. "నేను చెప్పనా?"

వద్దన్నాను.

ఆదివారం పొద్దున లిడియా టీచర్ వచ్చేసరికి గట్టు మీద టీ బడ్డీ దగ్గర నలుగురైదుగురు ఉన్నారు. నాన్న బండి స్టార్ట్ చేసి సిద్ధంగా ఉన్నారు. టీచర్ వంగి బార్లు చూసి, చేత్తో ఊపి చూశారు.

"బాగా కుదిరాయే! ఎవరు బిగించారండీ?"

"తాడేపల్లిగూడెంలో అండీ, ప్రదీప్ అని మంచి పనివాడు" అంటూ నాన్న దగ్గరికొచ్చారు. దిండ్ల వైపు చూసి ఆగిపోయారు. మాట మళ్ళీ నా గొంతు దాకా వచ్చింది. నాన్న మొహం చూశాను. అది ఈసారి లోపలికి పోలేదు.

"నేను బిగించాను టీచర్. పైన పెట్టినప్పుడు గాలి ఎక్కువ తగిలింది. మూడుసార్లు చూశాను."

"నాకు చెప్పకుండానా?" అన్నారు నాన్న, టీచర్‌కి వినపడకుండా. "అంత కిందికి వంగి, ఇంతమందిలో... నలుగురూ ఏమంటారమ్మా?"

"నాకు తెలీదు నాన్నా" అన్నాను. నిజంగానే తెలీదు. "మీరు ఇవాళ వెనక రాకండి. ఇక్కడే టీచర్‌తో ఉండండి. వాళ్ళేమంటారో విని, నేనొచ్చాక చెప్పండి."

నాన్న టీ బడ్డీ వైపు చూశారు. టీచర్ వైపు చూశారు. చివరికి బండి తాళం తిప్పి ఆపేశారు.

నేను ఎక్కి, మోచేతులు ఆనించి, తల దించాను. ఎదురుగా కొల్లేటి గాలి. చెవుల దగ్గర ఎప్పుడూ గరగరమనేదంతా గాలే అనుకునేదాన్ని. అందులో సగం నాన్న బండి చప్పుడేనన్నమాట. అసలు గాలికి అంత చప్పుడే లేదు.