కౌసల్యకు రావలసిన పది పాయింట్లు

రెండో శనివారం బ్యాంకులకు సెలవు. ఆ పొద్దున రాఘవేంద్ర, కౌసల్య జూబ్లీహిల్స్‌లో ఒక వీసా కన్సల్టెంటు ఎదురుగా కూర్చున్నారు. భార్యాభర్తలిద్దరూ ఒకే బ్యాంకులో బ్రాంచి మేనేజర్లు. అతనిది జూబ్లీహిల్స్ బ్రాంచి, ఆమెది ఫిల్మ్ నగర్ బ్రాంచి. రెండింటికీ మధ్య దూరం ఎంతో లేదు గాని, ఏది పెద్దదో బ్యాంకులో ఎవరినడిగినా చెబుతారు. జూబ్లీహిల్స్‌లో లాకరు కావాలంటే పెద్దవాళ్లతో చెప్పించుకోవాలి. ఫిల్మ్ నగర్‌లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్ వాళ్లు పాస్‌బుక్కులు పట్టుకుని వరసలో నిలబడతారు.

ఆస్ట్రేలియా ఆలోచన రాఘవేంద్రదే. మూడేళ్లుగా దాని చుట్టే తిరుగుతున్నాడు. ఇంగ్లండ్ వెళ్లాలంటే ముందు అక్కడి కంపెనీ ఏదైనా ఉద్యోగమిచ్చి పిలవాలి. కెనడాలో వయసు పెరిగేకొద్దీ పాయింట్లు తరిగిపోతాయి. ఆస్ట్రేలియా వాళ్ల జాబితాలో మాత్రం బ్యాంకు బ్రాంచి మేనేజరు అనే వృత్తి పేరుతో సహా ఉంది, అక్కడి ఏదో ఒక రాష్ట్రం మనల్ని కోరుకుంటే చాలు. మధురానగర్‌లోని వాళ్ల ఇంట్లో అన్నాల దగ్గర అతను ఇది చెప్పగా చెప్పగా పదకొండేళ్ల కూతురు చిన్మయికి కూడా కంఠతా వచ్చేసింది.

కన్సల్టెంటు పేరు తిరుమలేశ్. ఇద్దరి వివరాలూ కంప్యూటర్‌లో కొట్టి, తెరను కౌసల్య వైపు తిప్పాడు.

“మేడమ్‌ను ప్రైమరీ అప్లికెంట్‌గా పెడదాం సార్.”

“అదెట్ల? ఇన్నేండ్ల సంది తిరుగుతున్నది నేను గద!”

“మీకు ఏడు నెలలల్ల నలభై ఐదు నిండుతయ్ సార్. నిండినంక తలుపు మూసినట్టే. ఇప్పుడు గూడ మీ వయసుకు పదిహేను పాయింట్లే. మేడమ్‌కు ముప్పై ఎనిమిది గాబట్టి ఇరవై ఐదు వస్తయ్. మేడమ్ ముందుంటే మీరు డిపెండెంట్‌గ ఎక్కొచ్చు. ఏం ఫికర్ లేదు, ఇద్దరికీ వీసా ఒక్కటే.”

తిరుమలేశ్ ఇంకో సంగతి చెప్పాడు. భర్త కూడా తన వృత్తి అనుభవాన్ని మదింపు చేయించుకుని, ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితే భార్య లెక్కలో ఇంకో పది పాయింట్లు కలుస్తాయి. ఆ పది ఉంటే పర్మనెంట్ వీసాకు పిలుపు రావచ్చు. లేకపోతే రీజనల్ వీసా. అది ఐదేళ్లకే ఇస్తారు, వాళ్లు చూపించిన ప్రాంతంలోనే ఉండాలి, పర్మనెంట్ మాట ఆ తర్వాత.

“ఆయన ఇంగ్లీషుకేం ఢోకా లేదండీ. నా సంగతే చూసుకోవాలి,” అంది కౌసల్య నవ్వుతూ.

రాఘవేంద్ర కూడా నవ్వాడు. కారు తాళాలు తీసుకుని అందరికంటే ముందు లేచాడు.

ఆ ఇంగ్లీషు అతను ఊరికే సంపాదించినది కాదు. సిద్దిపేటలో తెలుగు మీడియంలో చదివి, లైబ్రరీలో ఇంగ్లీషు పేపరు గట్టిగా చదువుకుంటూ నేర్చుకున్నాడు. అక్కడి బ్రాంచిలో అతను ఆఫీసరుగా ఉన్నప్పుడే కౌసల్య కాకినాడ నుంచి కొత్తగా ఉద్యోగంలోకి వచ్చింది. మొదటి లోను ప్రపోజలు రాయడం ఆమెకు అతనే నేర్పాడు. ఒక్కో వాక్యం దిద్దుతుంటే కళ్లింత చేసుకుని చూసేది. ఆ చూపుకే పడిపోయి పెళ్లి చేసుకున్నాడు. పదమూడేళ్లుగా ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా “ఏవండీ, ఇది ఒకసారి చూడండి” అనేది. ఈ మధ్య ఆ మాట వినబడటం తగ్గింది. ఎప్పటి నుంచి తగ్గిందో అతనికి గుర్తు లేదు గాని, తగ్గిందని మాత్రం ఇప్పుడు తెలిసొచ్చింది.

మరుసటి ఆదివారం ఫిల్మ్ నగర్ గుడికి వెళ్లారు. చెప్పులు వదులుతుంటే వీరరాఘవయ్య అనే పెద్దాయన గబగబా వచ్చాడు. నలభై ఏళ్లుగా సినిమాలకు ప్రొడక్షన్ మేనేజరుగా చేస్తున్న మనిషి.

“మేనేజరమ్మా, బాగున్నారా? మీరు పట్టుబట్టి లోను ఇప్పించారు గనకే మా అమ్మాయి చదువు సాగుతోందండీ,” అని చేతులు జోడించి, పక్కనున్న రాఘవేంద్రను ఎగాదిగా చూసి, “వీరు?” అన్నాడు.

“మావారండీ.”

“అలాగా! అదృష్టవంతులండీ,” అన్నాడాయన. ఎవరు అదృష్టవంతులో చెప్పకుండానే పూజారి వైపు వెళ్లిపోయాడు.

రాఘవేంద్ర బ్రాంచిలో ఖాతాలున్న మనుషులు పోస్టర్ల మీద కనబడతారు. వాళ్లలో ఒక్కరూ అతన్ని బయట చూసి పలకరించరు. వాళ్ల మేనేజర్లు వస్తారు, పని చేయించుకుని పోతారు. ఇక్కడ కొబ్బరికాయలమ్మే ఆమె కూడా కౌసల్యకు నమస్కారం పెట్టింది. ఆ పూట దేవుడి ముందు నిలబడి రాఘవేంద్ర ఏం మొక్కుకున్నాడో అతనికే తెలియదు. కళ్లు మూసుకుంటే ఆ కొబ్బరికాయల మనిషే కనబడింది.

ఇంగ్లీషు పరీక్ష కంప్యూటర్ మీద ఉంటుంది. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని మైకులో మాట్లాడాలి. కౌసల్యకు రాయడం, చదవడం వచ్చు. మైకు చూస్తే మాత్రం గొంతు పూడుకుపోయేది. నమూనా పరీక్షలో మాట్లాడే భాగం రెండుసార్లు పోయింది.

“నేను నేర్పిస్త గద. రోజూ గంటసేపు కూసో,” అన్నాడు రాఘవేంద్ర.

“వద్దండీ. మీరు తప్పులు పడతారు, నాకు ఇంకా భయమేస్తుంది,” అందామె.

ఆమె ఖాతాదారుల్లో నాగేశ్వరి అనే డబ్బింగ్ కళాకారిణి ఉంది. పాతికేళ్లుగా ఎంతోమంది హీరోయిన్లకు గొంతిచ్చిన మనిషి. కౌసల్య సంగతి విని, సాయంత్రాలు పని లేనప్పుడు తమ డబ్బింగ్ థియేటరుకు రమ్మంది. ఒక రోజు కౌసల్యను తీసుకురావడానికి రాఘవేంద్ర అక్కడికి వెళ్లాడు. గాజు తలుపు ఇవతల నిలబడి చూశాడు. లోపల కౌసల్య మైకు ముందు నిలబడి కాగితం చూసి చదువుతోంది. నాగేశ్వరి పక్కనే కుర్చీలో కూర్చుంది.

“మైకుకి భయపడకమ్మా. అవతల నీకు బాగా నచ్చిన మనిషి ఉన్నాడనుకుని చెప్పు. ఊఁ, మళ్లీ.”

కౌసల్య మళ్లీ చదివింది. తడబాటు లేదు. చివర్న తనకు తనే ఆశ్చర్యపోయినట్టు నాగేశ్వరిని చూసింది. కళ్లింత చేసుకుని చూసింది.

రాఘవేంద్రకు ఆ చూపు తెలుసు. సిద్దిపేటలో తన కోసమే ఉండేది. గుండెల్లో ఎవరో సూదితో కెలికినట్టయింది. తలుపు తీయకుండా వెళ్లి కారులో కూర్చున్నాడు.

నెలలోపే కౌసల్య పరీక్ష రాసింది. మంచి స్కోరు వచ్చింది. రాఘవేంద్ర స్వీట్లు తెచ్చాడు, ఆమె బంధువులకు తనే ఫోన్లు చేసి చెప్పాడు. చెబుతున్నంతసేపూ నోరు చేదుగానే ఉంది.

అతని పరీక్ష మరో రెండు వారాలకు, మాదాపూర్‌లో. ముందు మైకు సరిగా ఉందో లేదో చూసుకోమన్నారు. రెండు వాక్యాలు మాట్లాడి విన్నాడు. తన గొంతు తనకే బాగుందనిపించింది. తర్వాత తెర మీద ఒక పేరా వచ్చింది. దాన్ని పైకి చదవాలి. రికార్డింగు మొదలైనట్టు గీత కదులుతోంది.

అతను నోరు తెరవబోయాడు. అప్పుడు తిరుమలేశ్ తిప్పిన తెర గుర్తొచ్చింది, వీరరాఘవయ్య ఎగాదిగా చూపు గుర్తొచ్చింది. ఇప్పుడు తను బాగా చదివితే ఆ పది పాయింట్లూ ఆమెకే. మెట్టు తను, ఎక్కేది ఆమె. మూడు సెకన్లు మాట వినబడకపోతే ఆ రికార్డింగు దానంతటదే ఆగిపోతుంది. ఆగిపోయింది.

ఆ ఒక్కటీ వదిలేద్దామనుకున్నాడు. రెండో పేరా వచ్చింది. పెదవులు కదల్లేదు. చుట్టుపక్కల కుర్చీల్లో పిల్లలు పోటీపడి మాట్లాడుతున్నారు. వాళ్ల మధ్య నలభై నాలుగేళ్ల బ్యాంకు మేనేజరు పెదవులు బిగించుకుని కూర్చున్నాడు. ఆ భాగం అయిపోయేదాకా అలాగే ఉన్నాడు. రాసే భాగం వచ్చాక మాత్రం ఒళ్లు మరిచి రాశాడు. అక్కడ తప్పు చేయడానికి మనసొప్పలేదు.

ఫలితం వచ్చింది. చదవడంలో, రాయడంలో మంచి మార్కులు. మాట్లాడటంలో పది. ఆ పరీక్షలో అంతకంటే తక్కువ ఇవ్వరు.

“మైకు ఖరాబున్నట్టుంది,” అన్నాడు.

“అలా ఎలా వదిలేస్తామండీ? నేను రాస్తాను వాళ్లకి,” అంది కౌసల్య. ఖాతాదారుల కోసం ఎంత శ్రద్ధగా ఫిర్యాదులు రాసేదో, అంత శ్రద్ధగానూ భర్త కోసం ఒకటి రాసి పంపింది. వద్దనడానికి అతనికి కారణం దొరకలేదు.

పదిహేను రోజుల తర్వాత, ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ చేసి ఫిల్మ్ నగర్ బ్రాంచికి రమ్మంది. కేబిన్‌లో టేబులు మీద ఒక కాగితం పెట్టుకుని కూర్చుంది.

“కూర్చోండి. పరీక్ష సెంటరు వాళ్లు జవాబిచ్చారు. మీ మైకు బాగానే ఉందట. పరీక్షకు ముందు మీరు చెప్పిన రెండు వాక్యాలు స్పష్టంగా రికార్డయ్యాయట. తర్వాతే ఏమీ లేదట.”

“వాళ్లు గట్లనే అంటరు.”

“ఏవండీ.” ఆమె గొంతు పెంచలేదు. “మీరు నోరు విప్పలేదు కదూ?”

గాజు అద్దం అవతల టోకెన్ నంబరు మారింది. రాఘవేంద్ర దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

“విప్పలే,” అన్నాడు చివరికి.

“ఎందుకు?”

“మూడేండ్ల సంది నేను తిరిగిన. ఆఖరికి నీ ఎనక నిలబడాల్నంటే నాతోని కాలే. నిన్ను జూస్తే కుళ్లు పుట్టింది. గంతే.”

కౌసల్య కళ్లలో నీళ్లు తిరిగాయి గాని కారనివ్వలేదు.

“పదమూడేళ్లు నేను మీ వెనకే నిలబడ్డానండీ. ఎవరడిగినా ‘మా ఆవిడది గూడ బ్యాంకే, చిన్న బ్రాంచి’ అనేవారు. ఆ ‘చిన్న’ లేకుండా ఒక్కసారి చెప్పారా? నాకు మాత్రం కుళ్లు పుట్టలేదనుకున్నారా? మీ కుర్చీ చూస్తే పుట్టింది. మీ ఇంగ్లీషు వింటే పుట్టింది. అయినా మీ ప్రమోషన్ ఇంటర్వ్యూకి చొక్కా ఇస్త్రీ చేసింది నేనే. కాల్చలేదు.”

“మళ్ల రాస్త, కౌసల్యా. ఇంక టైముంది.”

“లేదు. పర్మనెంట్ వీసాకి మన వృత్తిలో ఈ ఏడాదికి పిలుపులు ఆపేశారని తిరుమలేశ్ చెప్పాడు. వచ్చే ఏడాదికి మీకు నలభై ఐదు దాటిపోతాయి. నేను రీజనల్‌కి పెట్టేశాను. అడిలైడ్ నుంచి ఇవాళ పొద్దున పిలుపొచ్చింది. మీ పది లేకుండానే.” కాగితం మడిచి సొరుగులో పెట్టింది. “దరఖాస్తులో భర్త కూడా వస్తున్నాడా అని ఒక గడి ఉంది. ఖాళీగా ఉంచాను. రావాలనిపిస్తే రండి. నా మీద కోపంతో మాత్రం రాకండి, చిన్మయి చూస్తుంది.”

ఎవరో తలుపు తట్టారు. “రండి,” అంది కౌసల్య, మామూలు గొంతుతో. రాఘవేంద్ర లేచి బయటికి నడిచాడు.

నాలుగు రోజులు ఇంట్లో ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఐదో రోజు అతను ఎవరికీ చెప్పకుండా వెళ్లి మళ్లీ పరీక్ష రాశాడు. ఈసారి మొదటి పేరా నుంచి చివరి ప్రశ్న దాకా మాట్లాడాడు. ఫలితం ప్రింటు తీసి, వంటింట్లో పప్పుకు తాలింపు వేస్తున్న కౌసల్య పక్కన పెట్టాడు. మాట్లాడటంలో ఎనభై ఆరు.

“ఇది పాయింట్లకు పనికిరాదండీ ఇప్పుడు,” అంది ఆమె చూసి.

“ఎరుకే. గా గడి నింపు.”

ఆమె స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, కంప్యూటర్ తెరిచి నింపింది. క్షమించానని మాత్రం అనలేదు. ఆ తర్వాత కూడా చాలా రోజులు అవసరమైనంతే మాట్లాడింది. అతని వల్ల పర్మనెంట్ కావలసినది ఐదేళ్ల వీసా అయింది. ఆ సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే అతనికి ఎక్కువ బాధగా ఉండేది.

పద్నాలుగు నెలలు గడిచాయి. ఒక బుధవారం మధ్యాహ్నం రాఘవేంద్ర సీటులో ఉండగా తిరుమలేశ్ ఫోన్ చేశాడు.

“సార్, వచ్చేసింది! ముగ్గురికీ వీసా వచ్చింది.”

“మేడమ్‌కు చెప్పినవా?”

“ముందు మీకే జేసిన సార్.”

“ఆమె దరఖాస్తు, ఆమెకు జెప్పాలె ముందు. నాకు జేసినట్టు అనకు.”

ఫోన్ పెట్టేసి, దాన్ని ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాడు. ఐదు నిమిషాలైంది. పది అయింది. ఎవరికి చెప్పుకుంటోంది ఇంతసేపు? పదిహేను నిమిషాలప్పుడు ఒక సినిమా హీరో మేనేజరు లాకరు పని మీద వస్తే, కాసేపు ఆగమని కూర్చోబెట్టాడు. ఇరవై నిమిషాలకు ఫోన్ మోగింది.

“ఏవండీ, వీసా వచ్చిందండీ!” కౌసల్య గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. “నాగేశ్వరి గారు ఎదురుగానే ఉన్నారు, ఆవిడకి చెప్పేశాను. తర్వాత స్కూలుకి చేసి చిన్మయికి చెప్పాను. అది ఏడ్చేసింది. ఇప్పుడు మీకు.”

మూడోవాణ్ని. రాఘవేంద్ర ఛాతీలో ఎక్కడో కలుక్కుమంది. ఇంత జరిగినా అది పోలేదు, అక్కడే ఉంది. దాన్ని అలాగే ఉండనిచ్చి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“అవునా! ఎప్పుడొచ్చింది?” అన్నాడు, అప్పుడే విన్నవాడిలా. “మంచిగయింది కౌసల్యా. నువ్వు ఆడనే ఉండు, నేనొస్తున్న.”